మోగని దుద్దు

లాస్య చెవికున్న దుద్దు జుయ్‌మంది. "నీ ఇష్టమేనమ్మా, బలవంతం ఏముంది? రేపు నీకు పాపం చుట్టుకోకూడదనే నా బాధ" అని బావగారు ఫణీంద్ర అప్పుడే అన్నాడు. పక్కగదిలో డాక్టర్ నూర్జహాన్ ల్యాప్‌టాప్ తెరమీద ఎర్రగీత లేచింది.

ఆ దుద్దు ఆవిడ కనిపెట్టినదే. లాస్య ఒప్పుకుంటే ఈ ఇంట్లో పరీక్షిస్తోంది. అది అబద్ధాలు పట్టదు. ఎదుటివాళ్ళని లొంగదీయాలని చూసే మనిషి గొంతులో, తనకే తెలియకుండా, సన్నటి బిగువు వస్తుంది. దుద్దులోని సెన్సర్ దాన్ని పసిగట్టి మోగుతుంది.

ఫణీంద్రకి పిల్లలు లేరు. లాస్య ఆరేళ్ళ కూతుర్ని దత్తత అడుగుతున్నాడు. అడగడం తప్పు కాదు. అడిగే తీరే తప్పు. మొదట కన్నీళ్ళు, తరవాత పోయిన తల్లి ఆఖరి కోరిక, ఆపైన "నీకింకా పుడతారుగా". లాస్య మొగుడు, రోషం లేని మనిషి, అన్నకి ఎదురు చెప్పలేక గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. దుద్దు మోగినకొద్దీ లాస్యకి ధైర్యం వచ్చింది.

"ఇవ్వనండీ" అంది.

కొన్నాళ్ళకి దుద్దు మార్కెట్లోకి వచ్చింది. ఎగబడి కొన్నదెవరనుకున్నారు? బాధితులు కాదు, బాధపెట్టేవాళ్ళు. ఫణీంద్ర కూడా ఒకటి కొన్నాడు. అద్దం ముందు కూర్చుని, అది మోగకుండా మాట్లాడటం సాధన చేశాడు, ఏడుపుతో సహా. ఛీ, ఇదీ ఒక బతుకేనా!

ఈసారి బంధువుల్ని వెంటేసుకొచ్చాడు. లాస్య చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకున్నాడు.

"పాపని ఇస్తానని నా మీద ఒట్టెయ్యమ్మా. కాదంటే నేను బతకను."

ఒట్టు తప్పితే ఆ మనిషి ప్రాణానికే ముప్పని ఆ ఇంట్లో నమ్మకం. అందుకే, ఒకసారి ఒట్టేశాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

అందరూ ఆమె చెవివైపే చూశారు. దుద్దు మోగలేదు.

"చూశారా? నా మనసు కడిగిన ముత్యం" అన్నాడు ఫణీంద్ర.

"మిషన్‌కే లేని అనుమానం నీకెందుకే?" అంది పెద్దత్త.

చెవిలో ఆ నిశ్శబ్దానికి లాస్యకి భయమేసింది. అయినా చెయ్యి విడిపించుకుంది.

"అది మోగినా మోగకపోయినా నా పిల్లని నేనివ్వను."

బంధువుల్లో ఆమె పొగరుబోతని, ఫణీంద్ర మిషనే మెచ్చిన మంచివాడని పేరు పడింది. మర్నాడు ఆమె దుద్దు తీసుకెళ్ళి డాక్టర్ బల్లమీద పెట్టింది.

"పాడైందా అమ్మా?"

"లేదండీ, బాగానే ఉంది. మా బావగారికే ఇచ్చెయ్యండి. నాకంటే ఆయనకే బాగా పనికొస్తోంది."