ఎనిమోన్‌కి మేత వేసిందెవరు?

"ఆగండి! కొయ్యొద్దు!"

గుమ్మంలోంచి వచ్చిన కేకకి ఆమె ఉలిక్కిపడింది. మోచేతిదాకా చెయ్యి అక్వేరియం ట్యాంకులో ఉంది, వేళ్ళ మధ్య సన్నటి బ్లేడు. కొత్త పగడపు కోరల్ పక్కన మొలిచిన ఎనిమోన్, గోధుమరంగు సముద్రపు జీవి, ఆ అదురుకి నిలువునా రెండుగా చీలింది.

"అయిపోయింది," అన్నాడు లోపలికొచ్చిన యువకుడు. "ఒకటి కాస్తా రెండయ్యాయి."

"ఎవరండీ మీరు? ఇంట్లోకొచ్చి ఆ అరుపులేంటి?"

"కోరల్స్ షాపు నాది. మీ నాన్నగారు ఫోన్ చేశారు."

"వచ్చి అరవమని చేశారా?"

"ఎనిమోన్ పట్టిందని చేశారు. దాన్ని కోస్తే ప్రతి ముక్కా ఇంకోటవుతుందండీ. కాస్త తునక మిగిలినా చాలు."

ఆమె నీళ్ళలోకి చూసింది. గోరంత ఒళ్ళు, తల నిండా దారపు పోగుల్లాంటి చేతులు. ఆడుకునే బొమ్మ చెట్టులా ముద్దుగా ఉంది.

"అయితే నిన్నంతా నేను కోసినవి?" అంది. ఈసారి గొంతు బాగా తగ్గింది.

అతను బ్యాగు కింద పెట్టి, దాని పక్కనే తనూ కూలబడ్డాడు.

వంటగదిలోంచి తండ్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఓడల్లో ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. "వచ్చావా డాక్టరూ! నీ దగ్గర కొన్న కోరల్‌తోనే దాపురించింది ఈ దరిద్రం."

"మందు నీళ్ళలో ముంచి, నెల్లాళ్ళు వేరే తొట్టెలో పెట్టమన్నాను కదండీ?"

తండ్రి తలెత్తి ఫ్యాను వంక చూశాడు. "అంత అందంగా ఉంటే వేరే ఎలా పెడతాంలే బాబూ."

"నాన్నా!" అంది కూతురు.

ట్యాంకు మధ్యలో గుమ్మడికాయంత పచ్చటి కోరల్ ఉంది. వేళ్ళ కొసల్లాంటి మొనలు వందలకొద్దీ నీటి వాలుకి ఊగుతున్నాయి. బొటనవేలంత ముక్కగా తెచ్చి ఇంత చేశాడాయన. సముద్రం వదిలి ఇంట్లో కూర్చున్నాక ఆయన మాట్లాడేదంతా దానితోనే. ముద్దుపేరు పెద్దమ్మాయి.

"నేను ఈ ఇంట్లో రెండో కూతుర్నండీ," అంది ఆమె. "ముందు అక్క భోజనం, తర్వాతే నాది."

"ఇది గనక పెద్దమ్మాయికి తగిలితే?" అన్నాడు తండ్రి.

"కుట్టి కుట్టి చంపేస్తుంది."

మెత్తగా చెప్పడం అతనికి చేతకాదు. పెద్దాయన మొహంలో రంగు మారాక గానీ ఆ సంగతి తెలియలేదు.

అతని పద్ధతి సులువైనదే. సిరంజిలో సున్నం ముద్ద ఎక్కించి, ఎనిమోన్ ముడుచుకునేలోగా నోట్లోకి వదలాలి. కానీ సూది తిన్నగా ఉండటంతో రాళ్ళ వెనక్కి వెళ్ళలేదు. ఆమె లోపలికెళ్ళి కొస వంగిన సిరంజి ఒకటి తెచ్చింది. పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు తయారుచేసి ఇవ్వడం ఆమె పని; వెనక గదే ల్యాబు.

"చిగుళ్ళ సందుల్లో మందు వేసేది. దీనికి అందని చోటుండదు."

"ఉంచేసుకోనా?"

"అప్పు. అరిచినవాళ్ళకి అదీ ఎక్కువే."

అలా ఆదివారాలు మొదలయ్యాయి. అతను సూది వేస్తే ఆమె టార్చి పట్టేది.

"కాస్త కదలకుండా పట్టుకోండి. వెలుతురు వణుకుతోంది."

"వణికేది వెలుతురు కాదు, మీ చెయ్యి."

ఒకసారి వానలో నిలువునా తడిసి వచ్చాడు. ఆమె అతన్నీ ట్యాంకునీ మార్చి మార్చి చూసి, "దీంట్లోంచి రాలేదు కదా?" అంది. తువ్వాలు ఇచ్చేటప్పుడు మాత్రం నవ్వకుండా తల తిప్పుకుంది. తల తిప్పుకోవడంలో అంత విషయం ఉంటుందని అతనికి అంతకుముందు తెలియదు.

చివరికి ఒక ఆదివారం రాయి రాయీ వెతికి లేచాడు. "ఒక్కటి కూడా లేదండీ. ఇంక నేను రానక్కర్లేదు."

వెనక గదిలో పళ్ళు నున్నచేసే మిషను ఠక్కున ఆగింది.

"సంతోషం," అంది ఆమె గొంతు. అందులో సంతోషం వెతికినా దొరకలేదు.

పది రోజులు తిరక్కుండానే పెద్దాయన ఫోన్. "డాక్టరూ, మళ్ళీ వచ్చాయి!"

అతనికి నమ్మశక్యం కాలేదు. వెళ్ళి చూశాడు. నిజమే. చంపి వచ్చాడు. మళ్ళీ ఫోన్. తన చేతి మీద తనకే నమ్మకం పోయి, ఈసారి పంపు ఊడదీసి దాని వెనకున్న గాజుకి మొహం ఆనించాడు.

చూసి కొయ్యబారిపోయాడు.

అక్కడొక ఎనిమోన్ ఉంది. మామూలుది కాదు, రూపాయి బిళ్ళంత బలిసింది. దాని నోట్లో రొయ్య ముక్క ఉంది. శుభ్రంగా ఒలిచి, చిన్నగా తరిగిన రొయ్య ముక్క.

"దీనికి ఎవరో మేత వేస్తున్నారు," అన్నాడు.

"నా ఇంట్లోనా?" పెద్దాయన నవ్వబోయి ఆగిపోయాడు. చూపు ట్యాంకు మధ్యకి వెళ్ళింది. పెద్దమ్మాయి ఒక పక్కంతా ముడుచుకుపోయి ఉంది. మొనలు లోపలికి లాక్కుని, తెల్లటి ఎముక బయటపడుతోంది. దాని మొదట్లో గోధుమరంగు పోగులు కదులుతున్నాయి.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"నేనే," అంది కూతురు గుమ్మంలోంచి.

ఇద్దరూ అటు తిరిగారు.

"నువ్వా? ఎందుకే?"

"ఈయన ఒక్కటి కూడా లేదన్నారు. పంపు వెనక ఒకటి ఉందని నాకు తెలుసు. అన్నీ పోతే ఇంక..." ఆమె కళ్ళు నేల మీద ఉన్నాయి. "ఇంక రారు కదా. ఒక్కదాన్ని మూలన ఉంచుకుంటే ఏమవుతుందిలే అనుకున్నా. పిల్లలు పెట్టి అక్కదాకా పాకుతుందని తెలీదు నాన్నా. నిజంగా తెలీదు."

అతని చెయ్యి ఇంకా ట్యాంకులోనే ఉంది. తీయాలన్న సంగతే మర్చిపోయాడు. చొక్కా చెయ్యి భుజందాకా తడుస్తోంది.

పెద్దాయనే ముందు తేరుకున్నాడు. "ఆ ముచ్చట తర్వాత. ముందు అది బతుకుతుందా?"

"పాడైన కొమ్మలు కోసెయ్యాలి. ఎముక గట్టిగా ఉంటుంది. నా దగ్గరున్న కట్టర్‌తో నలుగుతుందేమో..."

"నా దగ్గర వజ్రం పొడి అద్దిన చక్రం ఉంది," అంది ఆమె. "పింగాణీ పళ్ళు కోసేది."

కోరల్‌ని బకెట్ మీదకెత్తి అతను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. కన్నీళ్ళు ఆ అద్దాల లోపలే నిండుతున్నాయి, చెయ్యి మాత్రం చెక్కుచెదరలేదు. చక్రం కీచుమంది. తండ్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కండ ఉన్నచోట తగలకుండా, ఎముక మీదే, ఒక్కొక్క కొమ్మా వేరుచేసింది.

"ఇంత బాగా నేను కోయలేను," అన్నాడతను మెల్లగా.

"మాట్లాడకండి. కదులుతుంది."

ఇంటి ట్యాంకులో ఎనిమోన్లన్నీ చంపేసి, మిగిలిన సగాన్ని అతను షాపుకి తీసుకెళ్ళి విడిగా తొట్టెలో పెట్టాడు. ఇప్పుడు వెళ్ళడం ఆమె వంతైంది. రోజూ పని ముగించుకుని సాయంత్రం వెళ్ళేది. రోజూ అది ముడుచుకునే ఉండేది.

"ఇంకా తేరుకోలేదా?"

"టైం పడుతుందండీ," అనేవాడు, కళ్ళు కలపకుండా.

ఆమె మొహం చూస్తే అతనికి ఏదో చెప్పేయాలనిపించేది. అంతలో ఆమె తొట్టె పక్కన స్టూలు లాక్కుని కూర్చునేది. ఏదో ఒకటి మాట్లాడేది. చెప్పాల్సింది కాస్తా గొంతులోనే ఉండిపోయేది.

ఒకరోజు ల్యాబులో కరెంటు పోయి, ఆమె మధ్యాహ్నమే షాపు తలుపు తోసింది. తోసి, అక్కడే నిలిచిపోయింది.

తొట్టె మీద నీలం లైటు వెలుగుతోంది. పచ్చటి మొనలన్నీ విచ్చుకుని, గర్వంగా, నిండుగా ఊగుతున్నాయి. కోసిన చోట కొత్త మొనలు కూడా వచ్చాయి. దానికెదురుగా స్టూలు మీద, చేతిలో కాఫీ కప్పుతో, తన తండ్రి!

"నాన్నా? నువ్విక్కడేంటి?"

పెద్దాయనకి పొరబోయింది.

"ఎప్పుడు తేరుకుంది ఇది?" షాపతని వైపు తిరిగింది. అతను తెల్లబోయాడు.

"రెండు వారాలైంది."

"మరి నేను వచ్చినప్పుడల్లా...?"

"లైటు ఆరితే ముడుచుకుంటుందండీ. మీరొచ్చే టైముకి ముందే ఆరిపోయేలా టైమర్ పెట్టాను." అతను తొట్టె వైపు చూశాడు. "బాగైపోతే ఇంటికి తీసుకెళ్ళిపోతారు కదా."

ఆమెకి కోపం రావాలి. రోజూ దాని ముందు కూర్చుని ఎంత కుమిలిపోయిందో! తండ్రి వంక చూసింది.

"నీకు తెలుసా?"

"నేను పగలు వస్తాగా. మొదటిరోజే చూశాను," అన్నాడాయన. "చెప్పేద్దామనే అనుకున్నానే. కానీ సాయంత్రాలు ఇంటికొచ్చేటప్పుడు నీ మొహంలో వెలుగు చూసి ఊరుకున్నా."

"ఇద్దరూ కలిసి నన్ను ఏడిపించారన్నమాట!"

"తప్పేనండీ," అన్నాడతను. "తిట్టండి. కానీ నిజం చెప్తున్నా. మీరంటే నాకు ఇష్టం. ముందే చెప్పాల్సింది, ధైర్యం లేక లైటు ఆర్పాను."

తండ్రి కాఫీ కప్పు కింద పెట్టి, పెద్దమ్మాయిని బకెట్లోకి దించమని సైగ చేశాడు.

"దీన్ని నేను తీసుకుపోతున్నా. మీ ఇద్దరూ ఇంక నోరులేని జీవాలని మధ్యలోకి లాగకండి. బాబూ, ఆదివారం భోజనానికి రా. సూదులూ మందులూ వద్దు."

ఆమె చివరికి నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే. "ఏ పనీ లేకుండా వస్తారా మరి?"

"వస్తాను."

ఆదివారం బెల్లు మోగింది. గుమ్మంలో అతను ఒక్కడే, ఖాళీ చేతులతో, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు. ఆమె తలుపు తీసి, వాటిలో ఒకదాన్ని పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.