చేతుల్లేని దరువు

ప్రిన్స్ కీబోర్డు మీద బోర్లా పడి ఉన్నాడు. తల వెనక భాగం లోపలికి దిగిపోయింది. కీబోర్డు మెట్ల మీద నుంచి జారిన నెత్తురు స్టాండు కాళ్ల దగ్గర మడుగు కట్టి, అప్పటికే చిక్కబడుతోంది. పక్కనే మైకు స్టాండు. దాని అడుగున ఉండే గుండ్రటి ఇనుప దిమ్మకి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గోవిందరావు గుమ్మంలోనే ఆగాడు.

1999 సెప్టెంబరు. వినాయక పందిళ్లు ఇంకా తియ్యలేదు. చోడవరం షుగర్ ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పక్కన ఒంటి గది అది. కిటికీని ఇటుకలతో మూసేశారు. గోడల నిండా గోనెసంచులు, కోడిగుడ్ల అట్టలు. బయటి చప్పుళ్లు పాటలో కలవకుండా ప్రిన్స్ చేసుకున్న ఏర్పాటు. వెనక తలుపు బార్లా తీసి ఉంది. అవతల మనిషి ఎత్తు చెరకు.

కీబోర్డు ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. దాని పక్క బల్ల మీద టీ గ్లాసు, అగ్గిపెట్టె, కొత్త కొవ్వొత్తి. కొవ్వొత్తి మీద కూడా నెత్తుటి చుక్కలు.

శవాన్ని మొదట చూసింది భార్య జూడీ. చర్చిలో సాయంత్రం ప్రార్థన ముగించుకుని వచ్చి తలుపు తీసింది. ఇప్పుడు వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. చీర అంచు నెత్తుటితో తడిసింది. ఏడవడం లేదు.

ఎదురింటి వరమ్మని అడిగితే ఒక్కొక్కటిగా చెప్పింది. సాయంత్రం ప్రిన్స్ గదిలో పాటలు మొదలయ్యాయి. గోనెసంచులున్నా సన్నగా వినిపిస్తూనే ఉంటాయి. ఏడు గంటలకి కరెంటు పోయింది. పాట ఆగింది. ఉక్కపోతకి తట్టుకోలేక ఆవిడ అరుగు మీదికొచ్చి కూర్చుంది. కరెంటు వచ్చే వేళకే జూడీ వచ్చింది. వెంటనే కేక వినిపించింది.

"ఎవరైనా లోపలికి వెళ్లారా?"

"ఈ పక్క నించి ఎవరూ ఎల్లలేదు బాబూ."

"ప్రిన్స్ బయటికొచ్చాడా?"

"రాలేదు. కరెంటు పోతే ముందు ఆ గుంటడే వచ్చి నాతో మాటాడతాడు. ఈయేల రాలేదు."

హెడ్ కానిస్టేబుల్ పెదబాబు లెక్క తేల్చేశాడు. చీకట్లో చెరకు తోటలోంచి వచ్చారు, చంపారు, అదే దారిన పోయారు. ఎవరు చంపారన్నది కూడా అతనికి తెలిసినట్టే ఉంది. పది రోజుల కిందట బస్టాండులో ఆర్కెస్ట్రా ఓనర్ ధర్మతేజ ఇదే ప్రిన్స్ కాలర్ పట్టుకుని మూతి పగలగొట్టాడు. రెండు పళ్లు రోడ్డు మీద పడ్డాయి. ఊరంతా చూసింది.

ధర్మతేజని స్టేషన్‌కి తెచ్చారు. గోవిందరావు వచ్చేలోపే పెదబాబు అతని పెదవి చిట్లగొట్టాడు. గోవిందరావు లాఠీ లాక్కుని మూలకి విసిరేశాడు.

కొట్టిన మాట నిజమేనని ధర్మతేజ ఒప్పుకున్నాడు. ప్రిన్స్ ట్రూపు వదిలేస్తానన్నాడట. జపాన్ కీబోర్డు ఒకటి కొన్నాడు. అందులో డ్రమ్సు, గిటారు, వయొలిన్లు అన్నీ ఉన్నాయి, ఇక నేనొక్కడినే ఆర్కెస్ట్రా అన్నాడట. పదకొండు మంది కడుపు కొడతావా అని ధర్మతేజ చెయ్యి చేసుకున్నాడు.

హత్య జరిగిన రోజు మధ్యాహ్నం నుంచి ధర్మతేజ పక్క ఊరు వడ్డాదిలో వినాయక పందిరి దగ్గర స్టేజీ కట్టిస్తున్నాడు. కరెంటు పోయినప్పుడు జనరేటరు తాడు లాగింది అతనే. ఊరు ఊరంతా సాక్ష్యం. అప్పుడు స్టేజీ మీద డ్రమ్సు వాయిస్తున్నవాడు అదే ట్రూపులోని సత్యారావు. అతనికీ అదే సాక్ష్యం.

సత్యారావు ప్రిన్స్‌కి చిన్నప్పటి స్నేహితుడు. సమాధుల దొడ్డి దాకా శవపెట్టెని భుజం మార్చకుండా మోశాడు. గోవిందరావు కీబోర్డు గురించి అడిగితే కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ పెట్టి జోలికి నానెప్పుడూ ఎల్లలేదు సార్. స్విచ్చి ఎక్కడుందో కూడా నాకు తెల్దు."

మర్నాడు గోవిందరావు ఆ గదికి ఒక్కడే వెళ్లాడు. తలుపులు రెండూ మూసి లైటు ఆర్పాడు. తన చెయ్యి తనకే కనిపించలేదు. నాలుగు నిమిషాలకి చొక్కా తడిసిపోయింది. తడుముకుంటూ వెళ్లి తలుపు తీసి బయటపడ్డాడు.

అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. తర్వాత లోపలికి వెళ్లి కొవ్వొత్తి తీసి చూశాడు. వత్తి తెల్లగా ఉంది. ఒక్కసారి కూడా అంటించలేదు.

కీబోర్డు పక్కన సన్నటి సందు ఉంది. అందులో ఒక ఫ్లాపీ.

ఈ కీబోర్డు గురించి ప్రిన్స్‌కి ఎవరు చెప్పారని జూడీని అడిగాడు. వారానికోసారి వైజాగ్ వెళ్లి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చునేవాడని ఆమె చెప్పింది. ఏ దేశంలో ఏ కొత్త వాయిద్యం వచ్చిందో, ఏ రికార్డర్ దిగిందో చదివేవాడు. చదివి వచ్చిన రాత్రి నిద్రపోయేవాడు కాదు. అన్నీ సత్యారావుకి చెప్పేవాడు.

గోవిందరావు ద్వారకానగర్‌లో ఆ సెంటర్ పట్టుకున్నాడు. సెంటర్ కుర్రాడు ప్రిన్స్ చూసే పేజీ తెరిచాడు. బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగింది. అదే కీబోర్డు. కింద ఇంగ్లీషులో వార్త. మనిషి వేళ్లు ఏ మెట్టు మీద, ఎంత గట్టిగా, ఎంతసేపు నొక్కాయో అంతా ఫ్లాపీలోకి ఎక్కుతుంది. తర్వాత ఆ మనిషి అక్కర్లేదు. పది పాటలైనా వరసగా దానంతటదే వాయిస్తుంది. కరెంటు పోతే మాత్రం ఆగిపోతుంది. కరెంటు వచ్చినా మళ్లీ మొదలెట్టదు.

గోవిందరావు ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాడు.

మూడో రోజు మధ్యాహ్నం అందరినీ ఆ గదికి రప్పించాడు. జూడీ, వరమ్మ, ధర్మతేజ, సత్యారావు. వెనక తలుపు దగ్గర పెదబాబు నిలబడ్డాడు.

"కరెంటు పోయాక చంపారని అందరం అనుకున్నాం," అన్నాడు గోవిందరావు. "ఈ గదిలో లైటు ఆరితే బావిలో ఉన్నట్టే. బతికున్నవాడు కొవ్వొత్తి అంటిస్తాడు. లేదా బయటికొస్తాడు. ప్రిన్స్ రెండూ చెయ్యలేదు. కొవ్వొత్తి, అగ్గిపెట్టె చేతికందేంత దూరంలో ఉన్నాయి. పోస్టుమార్టంలో తేలిన ఆరు దెబ్బలూ ఒకే చోట పడ్డాయి. చీకట్లో అలా పడవు. కరెంటు పోయేసరికే ప్రిన్స్ చచ్చిపోయి ఉన్నాడు."

"మరి పాట?" అంది వరమ్మ.

గోవిందరావు మీట నొక్కాడు. కీబోర్డు ముందు ఎవరూ లేరు. పాట మొదలైంది. వయొలిన్లు, వాటి వెనకే దరువు. జూడీ రెండు చేతులతో నోరు మూసుకుంది. గోవిందరావు సౌండు పెంచాడు. గోనెసంచులు కూడా అదిరాయి.

"ఆపండి సార్," అన్నాడు ధర్మతేజ. తనే ముందుకొచ్చి బటన్ల మీద వంగాడు. యాభైకి పైగా ఉన్నాయి. ఒకటి నొక్కితే పాట ఇంకా వేగం అందుకుంది. మరొకటి నొక్కితే వాయిద్యం గొంతు మారింది.

సత్యారావు నుదుటి మీద చెమట పట్టింది. దరువు గిర్రున తిరిగి మళ్లీ అందుకునే చోట అతని వేళ్లు తొడ మీద కదిలాయి. ఒక్క అంగలో వచ్చి, ధర్మతేజని తోసి, ఎడమ చివర ఉన్న చిన్న బటన్ నొక్కేశాడు.

పాట ఆగిపోయింది.

"స్విచ్చి కూడా తెలీదన్నావు," అన్నాడు గోవిందరావు. "ఆరోజు వడ్డాదికి అందరికంటే ఆఖరున వచ్చిందీ నువ్వే."

సత్యారావు మూలనున్న ఇంకో మైకు స్టాండు అందుకుని విసిరాడు. అది పెదబాబు భుజానికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. సత్యారావు అతన్ని తొక్కుకుంటూ చెరకులోకి దూకాడు. గోవిందరావు వెంటపడ్డాడు. చెరకాకులు మొహం మీద కత్తుల్లా గీసుకుపోయాయి. గట్టు దగ్గర చొక్కా దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరూ కాలవలో పడ్డారు. సత్యారావు వేళ్లు గొంతుకి బిగుసుకున్నాయి. ఇరవై ఏళ్లు డ్రమ్సు కొట్టిన వేళ్లు. గోవిందరావుకి కళ్లు చీకట్లు కమ్మాయి. బురదలో దొరికిన రాయితో అతని చెవి మీద కొట్టాడు. రెండోసారి కొట్టాకే పట్టు వదిలింది.

బేడీలు వేసి గదికి తెచ్చేసరికి సత్యారావు చెవిలోంచి నెత్తురు కారుతోంది. ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"నెల్లాళ్లు ఈ గదిలో నాసేత వాయింపించేడు సార్. నాకొచ్చిన దరువులన్నీ ఆ మెట్ల మీద వేలితో కొట్టించేడు. ఎవరికీ సెప్పొద్దన్నాడు. ఆయేల పిలిసి ఇనిపించేడు. 'మావా, ఇక నువ్వు రానక్కర్లేదు, నీ సెయ్యి ఇందులో ఉంది' అన్నాడు. నవ్వుతా అన్నాడు."

కొట్టాక చాలాసేపు నిలబడిపోయాడట. తన దరువు తన ముందే మోగుతోంది. అప్పుడు తోచింది. ఫ్లాపీని మొదటి పాట నుంచి పెట్టి, వెనక తలుపులోంచి జారుకుని, ఎప్పటిలాగే చెరకు గట్టున దాచిన స్కూటర్ ఎక్కి వడ్డాది పోయాడు.

జూడీ అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆయన నిన్ను సూసేడా?"

"లేదమ్మా. అటు తిరిగి ఇంటన్నాడు."

"ఏటి ఇంటన్నాడు?"

సత్యారావు తల దించుకున్నాడు. "నా దరువే."

ఆమె అతని మొహం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. వరమ్మ వచ్చి పట్టుకునేదాకా కొడుతూనే ఉంది. అప్పుడు ఏడ్చింది. మూడు రోజుల ఏడుపు ఒక్కసారే వచ్చింది.

పెదబాబుని ఆసుపత్రికి పంపి, సత్యారావుని జీపు ఎక్కించారు. గోవిందరావు ముందు సీట్లో కూర్చున్నాడు. ఫ్లాపీ కవర్లో, సీలు వేసి, ఒళ్లో ఉంది. గొంతు వాచి మింగుడు పడటం లేదు. ఫ్యాక్టరీ గేటు దాటాక వెనక నుంచి సత్యారావు అడిగాడు.

"కోర్టులో దాన్ని వాయిస్తారా సార్?"

"వాయించాల్సి వస్తుంది."

సత్యారావు బేడీల చేతులతో ముందుకి వంగాడు.

"అయితే మూడో పాట దాకా ఉంచమనండి సార్. దరువు అందులోనే బాగా కుదిరింది."