మూడో గడి

“నా రంగుల జోలికెవరూ రాకండి” అని ఆసెన్ ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కథే లేదు. చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారని భయం.

ప్లోవ్‌దివ్ అనే ఊళ్లో ఆసెన్ పనిచేసే చిన్న డిజైన్ ఆఫీసులో రాదినా చేరి తొమ్మిది రోజులైంది. వచ్చీ రాగానే ఫైళ్లన్నీ సర్దేసింది. కంప్యూటర్‌లో అందరూ వాడే రంగుల పట్టికలో గడులు చిందరవందరగా ఉన్నాయని వరసగా పేర్చింది. ఆ చిందరవందరే ఆసెన్‌కి ప్రాణాధారమని ఆ పిల్లకేం తెలుసు!

ఆసెన్ కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా ఉంటాయి. ఈ సంగతి తెలిస్తే డిజైనర్ ఉద్యోగం ఎవరిస్తారు? మూడో గడి ఎరుపు, ఏడో గడి ఆకుపచ్చ అని గుర్తు పెట్టుకుని ఆరేళ్లుగా గుట్టుగా నెట్టుకొస్తున్నాడు.

మార్చి ఒకటిన ఊరు ఊరంతా చేతులకి ఎర్రా తెల్లా మార్తెనిత్స దారాలు కట్టుకుంటుంది. ఆ పండక్కి ఒక బేకరీ పోస్టర్ అడిగింది. ఆసెన్ ఎప్పట్లాగే మూడో గడి నొక్కాడు, తనే సరిచూసి అచ్చుకి పంపాడు. రెండు వందల కాపీలు వచ్చాక ఆఫీసు నడిపే నెవెనా మేడమ్ ఒకటి విప్పి చూసింది.

“ఇవేంటయ్యా? మార్తెనిత్సలా, ఉల్లికాడలా?”

రాదినా పకపకా నవ్వింది. ఆసెన్ గబగబా ఆ పోస్టర్ చుట్టేశాడు.

“పొరపాటైపోయింది మేడమ్.”

“రేపు పదింటికల్లా మళ్లీ అచ్చుకెళ్లాలి. ఇంకోసారి ఇలా చేశావో, ఆ కుర్చీలో వేరేవాళ్లు కూర్చుంటారు!”

ఆరేళ్లు పొరపాటు చెయ్యని మనిషికి ఇవాళేమైంది? రాదినాకి అనుమానం వచ్చి అతని పాత పోస్టర్లు తెరిచింది. ఎరుపు ఉన్నచోటల్లా మూడో గడే. తను సర్దాక ఆ మూడో గడిలో ఉన్నది ఆకుపచ్చ. ఆమె నవ్వు ఎటు పోయిందో పోయింది. నేరుగా ఆఫీసు వంటగదిలో టీ కలుపుకుంటున్న ఆసెన్ దగ్గరికి నడిచింది.

“ఆసెన్, నా స్వెటర్ ఏ రంగు?”

“అందమైన రంగు.”

“తప్పించుకోకు.”

“గోధుమరంగు... అనుకుంటా.”

అది చిలకపచ్చ.

“గడులు మార్చింది నేను, తిట్లు తిన్నది నువ్వు! నా పేరు చెప్పడానికేం? నోట్లో నాలుక లేదా?”

“కొత్తగా వచ్చావు కదా. నిన్ను పంపించేస్తే?”

రాదినా అతని టీలో ఇంకో చెంచా చక్కెర వేసింది. గడగడ వాగే అబ్బాయిలెందరినో చూసింది గానీ, తనకోసం నోరు మూసుకున్నవాణ్ణి ఇప్పుడే చూడటం.

మధ్యాహ్నమంతా అతని పక్కనే కూర్చుని కంప్యూటర్‌లో ఏదో రాసింది. అయిదింటికి మౌస్ అతని చేతికిచ్చింది.

“ఏ రంగు మీదైనా పెట్టు.”

పెట్టాడు. పక్కన చిన్న చీటీ తెరుచుకుంది: బామ్మ ఎండబెట్టిన మిరపకాయ. ఇంకోటి: మరిత్స నది ఒడ్డు గడ్డి. మరోటి: నెవెనా మేడమ్ కోపం. ఆసెన్ కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

మర్నాడు ఎర్రా తెల్లా పోస్టర్ తీసుకెళ్లి, గుండె చిక్కబట్టుకుని మేడమ్‌కి ఉన్నదంతా చెప్పేశాడు. ఆవిడ కళ్లజోడు తీసి అతన్ని ఎగాదిగా చూసింది.

“ఆరేళ్లూ గడులు లెక్కపెట్టుకునే ఇంత పని చేశావా? ముందే చెప్పి ఏడవచ్చుగా! ఏమే పిల్లా, ఆ చీటీలు నా కంప్యూటర్‌లోనూ పెట్టు. ఆ కోపం రంగేదో నేనూ చూస్తాను.”

ఆసెన్‌కి ప్రాణం లేచొచ్చింది. తన బల్ల దగ్గరికొచ్చి చూస్తే, పట్టికలో అట్టడుగున కొత్త గడి ఒకటుంది. మౌస్ పెట్టాడు.

“ఆసెన్ కాఫీకి పిలిస్తే రాదినా బుగ్గలు.”

రెండుసార్లు చదువుకున్నాడు. పక్క బల్ల దగ్గర రాదినా లేని పనేదో వెతుక్కుంటోంది.

“కాఫీకి వస్తావా?”

“వస్తా.”

“మరి బుగ్గలు ఆ రంగుకి వచ్చాయో లేదో నాకెలా తెలుస్తుంది?”

రాదినా అతని అరచెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. చెంప కాలిపోతోంది.

“ఎరుపే,” అన్నాడు ఆసెన్.