‘అవును’ అన్నవాళ్ళు

"మన సిపాయిలకు ఎవరో ఫోన్లు చేసి ఓదారుస్తున్నారు. వాళ్ళని పట్టుకో," అన్నాడు పెద్దాయన.

ఆయన డిపార్ట్‌మెంట్ చీఫ్. ఎదురుగా కూర్చున్నది తాబేలు. నడక చూసి పెట్టిన పేరది. ఆ నడక చూసి మోసపోయిన విదేశీ గూఢచారులు నలుగురు ప్రస్తుతం జైల్లో కూర్చుని లెంపలేసుకుంటున్నారు.

"ఓదార్చడం నేరమా సార్?"

"ఓదార్చాక వైర్‌లెస్ పాస్‌వర్డ్ అడుగుతున్నారు. విదేశీ ముఠా. ఫోన్‌లో మాట్లాడేది ఒక ఆడమనిషి. కోడ్‌నేమ్ కోయిల. మిగతాది డాక్టరమ్మ చెబుతుంది."

డాక్టరమ్మ మిలిటరీ ఆస్పత్రిలో మానసిక వైద్యురాలు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"డ్యూటీలో ఉన్నవాళ్ళలో ఆత్మహత్య ఆలోచనల మీద రీసెర్చ్ చేస్తున్నానండీ. చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా? అవునా, కాదా? పేరు అడగం. ఏటేటా ఒకే మనిషి జవాబులు కలుపుకోడానికి ఎవరికి వాళ్ళే ఒక కోడ్ రాసుకుంటారు. అమ్మ పేరులో మొదటి అక్షరం, ఎంతమంది తోబుట్టువులు, పుట్టిన నెల. సర్వీస్ ఫైళ్ళు చేతిలో ఉన్నవాడు ఆ మూడూ కలిపి చూస్తే మనిషి దొరికిపోతాడు. నాకా బుద్ధి లేకపోయింది. ‘అవును’ అన్నవాళ్ళకే ఆ ఫోన్లు వెళుతున్నాయి. నన్ను నమ్మి నిజం రాశారండీ వాళ్ళు."

"ఆస్పత్రిలోనే ఎవడో అమ్ముడుపోయాడు. అక్కణ్ణించి మొదలుపెట్టు," అన్నాడు పెద్దాయన.

తాబేలు తలూపి లేచాడు. కిందటి ఎండాకాలంలో తనూ ‘అవును’ దగ్గర టిక్కు పెట్టిన సంగతి చెప్పలేదు. ఆ మాట బయటపడితే పిస్తోలు వెనక్కి తీసుకుంటారు, ఫైళ్ళు మోసే పని ఇస్తారు. ఈ ఉద్యోగం తప్ప అతనికి లోకంలో ఇంకేమీ లేదు.

ఆస్పత్రి గేటు దాకా వెళ్ళాడో లేదో, జేబులో ఫోన్ మోగింది.

"బాగా అలసిపోయినట్టున్నారు," అంది తేనెలాంటి గొంతు. "హెల్ప్‌లైన్ నుంచి. ఒకసారి కలుద్దామా?"

హోటల్ కాఫీ షాపుకి తాబేలు మారువేషం లేకుండా వెళ్ళాడు. అతని సర్వీసులో ఇదే మొదటిసారి. చొక్కా రెండో గుండీ మాత్రం మైక్రోఫోన్. అటువైపు వింటున్నది పెద్దాయన.

కోయిల అందగత్తె. నల్ల కళ్ళద్దాలు, పొడుగాటి చెవిరింగులు, ఎర్ర స్కార్ఫ్. ఆమె లోపలికి రాగానే బేరర్ ఒకడు కప్పు జారవిడిచాడు.

"మీ కోడ్ చెప్పనా?" అంది కూర్చుంటూనే. "అమ్మ పేరులో మొదటి అక్షరం ‘స’. తోబుట్టువులు ముగ్గురు. పుట్టింది నవంబరు. ‘అవును’ దగ్గర టిక్కు. కేసు మూసేయండి, ఎవరికీ తెలియదు."

తాబేలు చేతిలో చెంచా ఆగిపోయింది.

సర్వీస్ ఫైల్లో అతని తల్లి పేరు ‘ల’తో మొదలవుతుంది. ఆమె పురిట్లోనే పోయింది. తోబుట్టువులు లేరు. కోడ్‌లో అతను రాసింది పెంచిన పిన్నిని, పిన్ని పిల్లల్ని. ఏ ఫైలు తిరగేసినా ఆ ‘స’ దొరకదు. అది తెలిసినవాడు ఒక్కడే. పిన్ని పోయిన రోజున శ్మశానం గేటు దగ్గర భుజం మీద చెయ్యి వేసి, "నీకు నేనున్నానురా" అన్నవాడు. ఆ రోజు తాబేలు తన మనసులో బాధంతా చెప్పుకున్నది అతనికే.

ఈ పనికి తననే ఎందుకు ఏరి పంపాడో అర్థమైంది. పరువుకి భయపడి నోరు మూసుకుని తిరిగొచ్చేవాడు కావాలి పెద్దాయనకి.

తాబేలు గుండీ పుటుక్కున తెంపి కాఫీలో వేశాడు.

"ఇక పెద్దాయన వినడు. ఇప్పుడు చెప్పు."

కోయిల కళ్ళద్దాలు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నేను రెండు పడవల మీద కాళ్ళు పెట్టినదాన్ని. మీ కోడ్‌లు వాళ్ళకి మోస్తాను, వాళ్ళ కబుర్లు మీ పెద్దాయనకి మోస్తాను. ఇక నావల్ల కాదు. కొండమీద రాడార్ స్టేషన్లో ఒక హవల్దారు ఉన్నాడు. కాసేపట్లో వాళ్ళ విమానం వస్తుంది. అది దాటేదాకా రాడార్ ఆపెయ్యాలి, లేకపోతే ఆయన కాగితం అందరికీ చూపిస్తారు. ఆపాక ఆయన బతకడు. పాపకి సైకిల్ నేర్పకుండానే పోతున్నానన్నాడు నాతో."

"ముందే చెప్పొచ్చుగా?"

"ఎవరికి చెప్పను? మీ పెద్దాయనకా?"

తాబేలు ఆమె చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి పరుగెత్తాడు. చూసినవాళ్ళెవరూ ఆ రోజు అతన్ని తాబేలు అనుకుని ఉండరు.

స్టేషన్లో ఫోన్ ఎత్తడం లేదు. మిగిలింది కార్లో ఉన్న వైర్‌లెస్ సెట్. అది కామన్ ఛానల్. అందులో ఏం మాట్లాడినా కొండమీద ప్రతి పోస్టులోనూ లౌడ్‌స్పీకర్లో వినిపిస్తుంది. తాబేలు బటన్ మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. తరవాత నొక్కాడు.

"హవల్దార్ గారూ, మీ చెయ్యి స్విచ్ మీద ఉందని తెలుసు. నేను ఇంటెలిజెన్స్ వాణ్ణి. నన్ను తాబేలంటారు. ఆ కాగితంలో నేను కూడా ‘అవును’ అనే రాశాను."

బరబర శబ్దం. తరవాత సన్నగా ఒక గొంతు. "అందరూ వింటున్నారండీ."

"విననివ్వండి. ఇక నన్ను దేంతో బెదిరిస్తారు?"

"నాకు పెళ్ళాం పిల్లలున్నారండీ. పరువు..."

మధ్యలో ఇంకో గొంతు దూరింది. "అన్నా, నేను మెస్ వంటవాణ్ణి. నేనూ అదే రాశా. నీకు చెప్పడానికి సిగ్గేసింది."

"గేటు సెంట్రీని. నేనూ అంతే అన్నా."

మళ్ళీ బరబర.

"ఈశాన్యం నుంచి గుర్తు తెలియని విమానం," అన్నాడు హవల్దారు, ఏడుస్తూనే, డ్యూటీ గొంతుతో. "సరిహద్దు దగ్గరికి వచ్చేసింది."

మన విమానాలు లేచాయి. వచ్చింది వచ్చిన దారినే తోక ముడిచింది. వంటవాడు వెళ్ళి హవల్దారు పక్కన కూర్చున్నాడు, డాక్టరమ్మ వచ్చేదాకా కదల్లేదు.

కోయిల మిలిటరీ పోలీసులకు అంతా చెప్పేసింది. వాళ్ళు తాబేలుని వెంటబెట్టుకుని వచ్చేసరికి పెద్దాయన కుర్చీలోనే ఉన్నాడు.

"ఎలాగూ చచ్చేవాళ్ళే కదా," అన్నాడు శాంతంగా. "పనికిరానివాళ్ళని ఇచ్చి పనికొచ్చే రహస్యాలు తెచ్చాను. రాడార్ సంగతి నాకు తెలియదు."

"నేను కూడా పనికిరానివాణ్ణేనా సార్?"

పెద్దాయన కిటికీ వైపు చూశాడు. "వాళ్ళు ఇంకొకడు కావాలన్నారు," అని, ఇటు తిరిగి అడిగాడు, "నన్ను ఎలా పట్టుకున్నావు?"

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా పిన్ని పట్టింది సార్."

పిస్తోలు పోలేదు. ప్రతి వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలన్నారు, వెళుతున్నాడు. కోడ్‌లు ఎత్తేసి ఆవిడ కొత్త ప్రశ్నలు తయారుచేసింది. ఒకటి తాబేలు చేతికిచ్చింది. ‘మనసు బాగోలేనప్పుడు మీ పై అధికారిని నమ్మి చెప్పుకుంటారా? అవును. కాదు.’

తాబేలు చదివి కాగితం తిరిగిచ్చాడు.

"ఇందులో ఒక గడి తక్కువైందండీ," అన్నాడు. "‘చెప్పుకున్నాను’ అని."