చెలిమిపొర

భీమిలి తీరానికి ఆరు మైళ్ల అవతల నీళ్ల మీద తేలే ఊళ్లో, 2081లో కూడా పిల్లలు దాగుడుమూతలే ఆడేవారు. దాక్కోవడానికి చెట్లకు బదులు మంచినీటి ట్యాంకులుండేవి, అంతే తేడా. ఆట సరిగ్గా రాని పిల్లను అక్కడ కూడా ‘ఆటలో అరటిపండు’ అనేవారు. అంటే ఆటలో ఉంటుంది, దొరికినా దొంగ కాదు.

తన కూతురు కిన్నెరను పిల్లలు అలా పిలవడం విన్న రోజు డాక్టర్ సువర్చల ఆట మధ్యలోనే పిల్లను ఇంటికి తీసుకొచ్చేసింది. ఐదేళ్లొచ్చినా కిన్నెరకు మాట రాలేదు. ఎవరి మొహంలోకీ చూసేది కాదు. అలిసిపోతే తల్లి అరచేతిలో రెండుసార్లు తట్టేది. ఇంటికెళ్దాం అని దానర్థం. నాడీశాస్త్రంలో పండిపోయిన మనిషి, సొంత బిడ్డ విషయంలో అంతటితో ఊరుకుంటుందా?

మూడేళ్లు తిండీ నిద్రా మాని ‘పలుకుపూస’ తయారుచేసింది. అది గొంతు గుంటలో రాత్రీ పగలూ అంటుకుని ఉండే చిన్న పూస. చెప్పాలనుకున్న మాట పెదవి దాకా రాకపోయినా, గొంతు నరాల్లో సన్నటి సిగ్నల్ పుడుతుంది. పూస దాన్ని పట్టుకుని పిల్ల గొంతుతోనే పలుకుతుంది. అక్కడితో ఆగినా బాగుండేది. పిల్ల మనసులోని పచ్చిమాట ఉన్నదున్నట్టు వింటే నలుగురూ దగ్గరికి రారేమోనని భయపడి, సువర్చల దాని మీద ‘చెలిమిపొర’ అనే ప్రోగ్రాం తొడిగింది. పూసలోని కెమెరా వినేవాళ్ల మొహం చూస్తుంది. ఏ మాటకు ఆ మొహం వెలుగుతుందో నేర్చుకుని, మాటను అటు వంచుతుంది.

పూస పెట్టిన మొదటి సాయంత్రమే కిన్నెర ఇంటికొచ్చి, “అమ్మా, ఇవాళ నేనే గెలిచాను!” అంది. సువర్చల నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ పిలుపు మీదే నూరు రోజులు బతికింది. మాటలుండగా చేతులెందుకనుకుందో ఏమో, కూతురి ముందు అరచెయ్యి చాపడం మానేసింది.

నూరో రోజు ల్యాబులో ఆమె సహచరుడు ఇమ్మానుయేలు రికార్డు తెచ్చి ముందు పెట్టాడు.

“అనుమతుల కమిటీకి పంపే ముందు పచ్చిమాటలు కూడా ఓసారి చూడాల మేడమ్.”

“పిల్లల దగ్గర పొర ఎంత మార్చింది?”

“నూటికి నాలుగు మాటలు. ఆళ్లకి పొర అక్కర్లేదు. ఇది చూడండి.”

కిన్నెర అడిగింది, ఉన్నదున్నట్టు: “నేను దొరికినా దొంగ కాదు కదా?”

నేస్తం నఫీసా జవాబు: “కాదులేవే, నువ్వు అరటిపండువి కదేటి! రా, నా పక్కన దాక్కో.”

నూరు రోజులూ కిన్నెర అరటిపండే. హాయిగా ఉంది.

సువర్చల రికార్డును తన వైపు లాక్కుంది. “మరి గెలిచానని రోజూ... ఇంట్లో ఎంత మార్చింది?”

ఇమ్మానుయేలు తల దించుకున్నాడు. “నూటికి తొంభై ఆరు. పొర పాడవలేదు మేడమ్. మీరు చెప్పిన పనే చేసింది. మీ మొహం దేనికి వెలిగితే అదే అంది.”

కిన్నెర అనుకున్నది: ‘ఊరికే కూర్చున్నా. బాగుంది.’ పూస పలికింది: ‘నేనే గెలిచాను!’

కిన్నెర అనుకున్నది: ‘అమ్మా, పూస తియ్యి. మండుతోంది.’ పూస పలికింది: ‘అమ్మా, పూస ఎంత బాగుందో!’ ఈ మాట ముప్ఫై ఒక్కసార్లుంది. విన్న ప్రతిసారీ సువర్చల ఆ పూసను ముద్దుపెట్టుకుంది.

పరుగున ఇంటికెళ్లి పూస ఊడదీసింది. కింద చర్మం పుండై ఉంది.

“చెప్పావురా తల్లీ, నేనే వినలేదు,” అంటూ మోకాళ్ల మీద కూర్చుని అరచెయ్యి చాపింది. కోపంతో కొట్టినా సరే, ఒక్కసారి తడితే చాలనుకుంది.

కిన్నెర ఆ చేతికేసి చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తలెత్తి, తల్లి మొహంలోకి చూసింది. కన్నీళ్లు చూసింది. కాసేపు పూసలాగే పరీక్షగా చూసి, పూస లేకుండానే, అమ్మకిష్టమైన నవ్వు నవ్వింది.