మెనూలో ఖాళీ చోటు

"దాని ముఖం ఈ ఇంట్లో కనపడటానికి వీల్లేదు... తీసెయ్."

అత్తగారు గుమ్మంలో నిలబడే ఆ మాట అనేసి వెళ్లిపోయింది. కంప్యూటర్ ముందు కూర్చున్న కోడలి చెయ్యి మౌస్ మీదే బిగుసుకుపోయింది.

పెళ్లి వీడియోలను డిస్కుల్లోకి ఎక్కించి, వాటికి మెనూలు తయారుచేయడం ఆమె పని. డిస్కు వేయగానే టీవీలో ముందుగా కనిపించే బొమ్మల వరుసే మెనూ. ఏ బొమ్మ మీద నొక్కితే ఆ వీడియో మొదలవుతుంది. అందరి ఇళ్లకూ చేసిన చేత్తో ఇప్పుడు సొంత ఇంటికి చేస్తోంది... పక్షవాతంతో మాట పడిపోయిన మామగారి కోసం! ఆయన మాట వినే అవయవం ఇక కుడిచేతి బొటనవేలొక్కటే. ఆ వేలితో రిమోట్ నొక్కుకుని పాత రోజులు చూసుకుంటారని, అటక మీది టేపులన్నీ దులిపి, వరుసగా బొమ్మలు అమర్చింది. చివరి బొమ్మ ఆడపడుచుది, చిన్నప్పుడు సైకిలు నేర్చుకుంటున్నది.

ఆడపడుచు ఈ గడప తొక్కి చాన్నాళ్లయింది. మామగారు పడిపోయిన రోజు, కాస్త నూనె రాస్తే సర్దుకుంటుందని అత్తగారు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆయన్ని ఇంట్లోనే ఉంచింది. ఆసుపత్రి వరండాలో, పదిమంది ముందు, కూతురు తల్లిని నిలదీసింది. నాన్న నోరు నొక్కేసింది నువ్వేనంది. అంత మాట ఏ తల్లి దిగమింగుతుంది! ఆ రోజు నుంచి అత్తగారి నోట కూతురి ఊసు లేదు.

కోడలు బొమ్మ తీసేసింది. భయపడి కాదు, ఆ కోపం వెనక ఏం ఉడుకుతోందో తెలిసి. కానీ కళ్లలో నీళ్లు తిరుగుతుండగా చేసిన పని కదా... బొమ్మా, దాని చుట్టూ వెలిగే చట్రమూ పోయాయి గానీ, కింద కనపడకుండా ఉండి, నొక్కితే వీడియోను మొదలుపెట్టే మీట అలాగే ఉండిపోయింది. పని కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పొరపాటు!

మర్నాడు డిస్కు వేశారు. మామగారి వేలు కదిలింది. పసుపు చట్రం అత్తామామల పెళ్లి మీద వెలిగింది, కొడుకు ఆటల పోటీల మీద వెలిగింది, కొత్త ఇంటి మీద వెలిగింది... ఆ తర్వాత మాయమైంది. బ్యాటరీలు అయిపోయాయంటూ అత్తగారు రిమోట్ అందుకోబోయింది. ఈలోగా ఆయన నొక్కేశారు.

తెర నిండా రెండు జడల పిల్ల. సైకిలు మీద తూలుతూ, నాన్నా వదలకు వదలకు అని అరుస్తూ, అంతలోనే పకపకా నవ్వుతూ...

అత్తగారి ముఖం నల్లబడింది. "నా మాటకి ఈ ఇంట్లో విలువ లేదన్నమాట."

"బొమ్మ తీశానత్తయ్యా. మీట తీయడం మర్చిపోయాను. కావాలని పెట్టేదాన్నైతే ఇలా గుడ్డిగా వదిలేస్తానా? కళ్లకద్దుకునేలా చేసి పెట్టేదాన్ని."

వీడియో అయిపోయి మెనూ మళ్లీ వచ్చింది. మామగారి వేలు మళ్లీ బయలుదేరింది. ఒకసారి ఖాళీ చోటు దాటిపోయి మొదటికి వచ్చారు. మళ్లీ కదిలారు. ఏమీ కనపడని ఆ చోటును, చీకటి గదిలో గొళ్లెం వెతుక్కున్నట్టు, తడుముకుంటూ పట్టుకుంటున్నారు. మిగతా బొమ్మల్లో ఒక్కటీ నొక్కలేదు, తమ పెళ్లి కూడా! అత్తగారు టీవీ చూడటం మానేసి ఆ వేలినే చూస్తూ కూర్చుంది... చూసీ చూసీ, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఎందుకే ఆయనకు ఈ వెతుకులాట... అక్కడ దాని బొమ్మ పెట్టెయ్."

సైకిలు బొమ్మ పారేయలేదనీ, ఇప్పుడే పెట్టేస్తాననీ కోడలు లేవబోయింది.

"అది కాదు. ఇప్పటిది కావాలి. చిక్కిందో ఏమో..." అత్తగారు తన ఫోను అందుకుంది. "ఆ రోజు అది అన్నదాంట్లో అబద్ధమేముంది? నేనే అడుగుతా ఫొటో. నంబరు చెప్పు."

కోడలు ఎక్కడా చూడకుండానే గడగడా చెప్పేసి, నాలుక కరుచుకుంది.

"ఓహో, నోటికొచ్చన్నమాట."

కోడలు తల దించుకుంది. ఇక అయిపోయిందనుకుంది... కానీ అత్తగారు కళ్లజోడు సవరించుకుని, వేలిని ఫోను మీద పెట్టింది.

"మళ్లీ చెప్పు. ఈసారి మెల్లిగా."