కిటికీ దగ్గర బాకీపడ్డ ముద్ర

మన చేతికిచ్చిన కాగితం పోతే పాపం ఎవరిది? ఇచ్చినవాళ్ళదా, పుచ్చుకున్నవాళ్ళదా? మూడేళ్ళుగా యెసిద్‌ను ఈ సందేహం తొలుస్తూనే ఉంది. ఆదివారం చర్చిలో ఫాదర్‌ను అడుగుదామనుకుంటాడు. తీరా పాపాలు ఒప్పుకునే తన వంతు వచ్చేసరికి చిన్నచిన్నవేవో చెప్పి లేచొచ్చేస్తాడు.

ఫకతతివా ఊరి బయట గులాబీల కంపెనీలో అతను ఆఫీసు కిటికీ వెనక గుమస్తా. అక్కడ ఎవరు ఏ ఆఫీసుకు కాగితమిచ్చినా రెండు ప్రతులు తెస్తారు. ఒకటి ఆఫీసుకు. రెండోదాని మీద తేదీ, టైముతో 'అందింది' అని ముద్ర కొట్టించుకుని ఇంటికి పట్టుకెళ్తారు. ముద్ర లేని కాగితం పుట్టనట్టే లెక్క.

మూడేళ్ళ కిందట, ఇలాంటి ఫిబ్రవరి హడావుడిలోనే, ప్రేమికుల రోజు ఆర్డర్ల మధ్య, పూలు కట్టే మార్లేనీ ఒక్క ప్రతితో వచ్చింది. తనకు ఐదో నెల అని కంపెనీకి తెలియజేసే ఉత్తరం అది. రాసింది పక్కనే నిలబడ్డ చెల్లెలు యురానీ; ఆమెదీ అదే షెడ్డులో పని.

"ముద్రెందుకక్కా, నేను లేనూ!" అన్నాడు యెసిద్. ఆ మాట అక్కతో అన్నా, చూపు మాత్రం చెల్లెలి మీదే.

ఆ ఉత్తరం ఫైల్లో పెట్టాడో, ఆకుల చెత్తతో పాటు ఊడ్చుకుపోయిందో అతనికి ఇప్పటికీ తెలియదు. నెలాఖరుకి మార్లేనీ కాంట్రాక్టు అయిపోయింది. లేబర్ ఇన్‌స్పెక్టరు అనుమతి లేకుండా గర్భిణిని తీసెయ్యకూడదని చట్టముంది. "గర్భిణి అని మాకు తెలియదే!" అంది కంపెనీ. జీతంతో రావలసిన పద్దెనిమిది వారాల పురిటి సెలవు గాలికి పోయింది.

అంతకుముందు మధ్యాహ్నాలు ఒకే బెంచీ మీద యెసిద్‌తో జామ హల్వా, చీజు ముక్క పంచుకున్న యురానీ, ఆ రోజు నుంచి అతన్ని 'మీరు' అనడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే కిటికీ ముందు ఒక్క క్షణం ఆగేది.

"గుమస్తా గారూ, ఇవాళ ఎన్ని పోగొట్టారు?"

తిట్టినా బాగుండేది. ఆ 'గారూ' ముల్లులా దిగేది.

ఈ ఏడు సీజన్ పనికి మార్లేనీ మళ్ళీ వచ్చింది. మళ్ళీ కడుపుతో ఉంది, ఇప్పుడు నాలుగో నెల. అదే వారం మేనేజరు ఎఫ్రాయిన్ ముద్ర తీసి తన సొరుగులో పెట్టుకున్నాడు.

"పదిహేనో తేదీ దాకా కిటికీలో ఏ కాగితమూ పుచ్చుకోకు. ఆ రోజుతో సీజన్ వాళ్ళ కాంట్రాక్టులు అయిపోతాయి. అర్థమైందిగా?"

అర్థమైంది. ఇక యెసిద్‌కు కుదురు లేదు. కలం తీస్తాడు, పెడతాడు. కాఫీ చల్లారిపోతుంది. షెడ్డు మూల, కార్మెన్ తల్లి అని అంతా కొలిచే దేవమాత బొమ్మ ముందు కాడ విరిగిన గులాబీ పెట్టి నిలబడ్డాడు. 'తల్లీ, నిండు నెలల్లో నువ్వూ చోటు కోసం తలుపులు తట్టినదానివే. మూసినవాళ్ళు అంత చెడ్డవాళ్ళా, లేక నాలాంటి గుమస్తాలా?'

పదో తేదీన వాన షెడ్డు ప్లాస్టిక్ కప్పు మీద దంచికొడుతోంది. యురానీ తడిసి వచ్చింది. కాగితాలు మాత్రం గులాబీలకు తొడిగే సంచీలో పొడిగా ఉన్నాయి. వెనకే మార్లేనీ.

"రెండు ప్రతులు. ఈసారి లెక్కపెట్టుకోండి."

"పదిహేను తర్వాత తే, యురానీ..."

"పదిహేను తర్వాత మా అక్క పేరు పక్కన ఏం రాయను? పాత ఉద్యోగి అనా?"

"పైవాళ్ళు చెప్పారు."

"వాళ్ళకీ పైన ఒకడున్నాడు."

"పోనీవే," అంది మార్లేనీ. "పాపం, అబ్బాయికి చెవులు ఎర్రబడ్డాయి."

"గులాబీల కంపెనీ కదక్కా, రంగు అంటుకుంది."

యెసిద్ లేచాడు. తిన్నగా మేనేజరు బల్ల దగ్గరికెళ్ళి సొరుగు లాగి ముద్ర తీశాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"కాగితం వచ్చింది సార్."

"రాలేదని చెప్పు."

"వచ్చింది సార్. మూడేళ్ళ కిందటిదీ నా చేతికే వచ్చింది. ఎవరడిగినా ఆ మాటే చెప్తాను."

కిటికీ దగ్గరికి తిరిగొచ్చి రెండో ప్రతి మీద కొట్టాడు; తొందరలో ముద్ర తలకిందులుగా పడింది. పక్కన పది నలభై అని టైము వేశాడు.

"నీ ఉద్యోగం ఊడుతుంది, చూసుకో!"

"నన్ను తియ్యడానికి ఇన్‌స్పెక్టర్ని అడగక్కర్లేదు సార్. నేను గర్భిణిని కాను."

కేకలు విని కిటికీ బయట మూగిన పూలు కట్టే ఆడవాళ్ళంతా పకాలున నవ్వారు. యురానీ మాత్రం నవ్వలేదు. తడిసిన రెప్పలెత్తి అతన్ని మూడేళ్ళలో మొదటిసారి తిన్నగా చూసింది.

పదిహేనో తేదీ దాటింది. మార్లేనీ బల్ల దగ్గర మార్లేనీయే ఉంది. ముద్ర పడ్డ కాగితాన్ని కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కోపం తీర్చుకోవడానికి ఎఫ్రాయిన్‌కు యెసిద్ మిగిలాడు. మర్నాటి నుంచి కిటికీలో కాదు, పూలు దాచే చల్లగదిలో పెట్టెలు మొయ్యాలి.

సాయంత్రం బల్ల సర్దుకుంటుంటే కిటికీ మీద చిన్నగా తట్టారు. యురానీ.

"స్వెట్టరుందా?"

"లేదు."

"అక్క అల్లుతోంది. రంగు నేనే చెప్పాను." కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. "ఇంకొకటి ఇవ్వాలి. దీనికి రెండో ప్రతి లేదు. పోగొడితే మళ్ళీ రాదు."

కిటికీలోంచి చెయ్యి లోపలికి చాపింది. అరచేతిలో కాగితమేమీ లేదు.

యెసిద్ ఆ చేతిని చూశాడు, ఆమెను చూశాడు. ముద్రను సిరాలో అద్ది, మూడేళ్ళ కిందట ఎగ్గొట్టినదాన్ని ఆ అరచేతిలో మెల్లగా నొక్కాడు.

యురానీ చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకుంది.

"మళ్ళీ తలకిందులుగానే కొట్టావు," అంది.